భోగ్యం డబ్బుతో తీరని అప్పు

2014లో బెంగళూరు చిక్కపేట మెట్రో స్టేషన్ ఇంకా పెద్ద గొయ్యిగానే ఉండేది. మా బ్యాంకుకు రావాలంటే ఆ గొయ్యి చుట్టూ పాతిన రేకుల పక్కనుంచి, చీరల మూటలు మోసే హమాలీలను తప్పించుకుంటూ, తోపుడు బళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ రావాలి. మాది చిన్న సహకార బ్యాంకు. శాఖలు తక్కువ, బదిలీలు ఇంకా తక్కువ. అందుకే ఇళ్ళ లోన్ల సెక్షన్‌లో ఒకే కుర్చీలో పదేళ్ళకు పైగా కూర్చున్నాను. ఒక లోను పుట్టడమూ, తీరడమూ రెండూ చూసే అవకాశం మా వృత్తిలో అందరికీ దొరకదు. నాకు దొరికిన వాటిలో వెంకటరమణప్ప లోను ఒకటి.

ఆయన మా పక్క వీధిలో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో గుమాస్తా. భార్య సరోజమ్మ పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. కొట్ల నుంచి చీరలు తీసుకెళ్ళి, ఇంట్లో కూర్చుని దారాలు ముడివేసి, తిరిగి తెచ్చి ఇవ్వడం ఆమె పని. పిల్లలు లేరు. హొసకోటె శివార్లలో చిన్న సైటు కొనుక్కుని, కింద రెండు గదుల పోర్షను, పైన రేకుల కప్పుతో ఒక గది వేసుకోవాలని లోనుకు వచ్చారు. లోను ఇద్దరి పేరా ఇచ్చాం. పదిహేనేళ్ళ గడువు.

సంతకాలన్నీ అయ్యాక అందరూ అడిగే ప్రశ్న "డబ్బు ఎప్పుడొస్తుంది?" అని. ఆయన అది అడగలేదు.

"పదైదేండ్లంటే నాకు అరవై ఐదు దాటిపోతాది మేడం. అంతవరకు కొట్లో పెట్టుకుంటారా? ముందే తీర్చేస్తే ఫైనేమన్నా ఏస్తారా?"

వెయ్యం అని చెప్పాను. ఈఎంఐ, అంటే నెలనెలా కట్టే సమాన వాయిదా, ఎలా పనిచేస్తుందో కాగితం మీద గీసి చూపించాను. మొదటి ఏళ్ళలో ఆ వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు చీమలా కదులుతుంది. అందుకే చేతిలో మిగిలింది మిగిలినట్టు పార్ట్ పేమెంట్‌గా కడితే అది నేరుగా అసలులో తగ్గుతుంది, గడువు కరిగిపోతుంది. ఆ కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంత తొందరేమిటండీ?" అన్నాను సరదాకి.

ఆయన నవ్వలేదు. "మా నాయన పోయిన నెలకే మాయమ్మను బాడిగింట్లో నుంచి ఎల్లగొట్టినారు మేడం. సామాన్లన్నీ వీధిలో పెట్టేస్తే నేను కాపలా కూచున్యా. రేపు నేను పోతే ఈమెను ఎవురూ అట్ల బయట నిలబెట్టకూడదు. బ్యాంకు నుంచి ఇంటి పత్రాలు నా చేత్తో తీసుకోని ఈమె చేతిలో పెట్టాల. అంతే నాకు కావాల్సింది."

సరోజమ్మ ఆ మాటకు తల దించుకుని కొంగు సర్దుకుంది. లోను ఇచ్చే చోట ఎన్నో కారణాలు వింటాం కానీ, ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ బతికిన తీరు చూసి మా సెక్షన్‌లో అందరం నేర్చుకోవాల్సింది చాలా ఉంది, అయితే ఎవరమూ నేర్చుకోలేదనుకోండి. మార్కెట్ బస్టాండు నుంచి కొట్టుకు ఆయన ఏనాడూ ఆటో ఎక్కలేదు. సాయంత్రం మార్కెట్‌లో కూరగాయల వాళ్ళు గోనెలు చుట్టే వేళకు వెళ్ళి, మిగిలిన బీన్సూ సొరకాయా సగం ధరకు తెచ్చుకునేవాడు. స్నానానికి వేణ్ణీళ్ళు కొబ్బరి చిప్పల మంట మీదే. ఆ చిప్పలు కూడా హొసకోటెలో ఒక హోటలువాడు పారేసేవి. రాత్రికి సంకటి, పులుసు. పండగకు కొత్తబట్టలంటే కొట్లో మరకపడి పక్కన పెట్టిన చీరే. కార్తీకంలో బసవనగుడి పరిషెకు, అంటే వేరుశనక్కాయల తిరునాళ్ళకు, వెళ్ళి అర్ధశేరు వేరుశనక్కాయలు కొనుక్కుని రావడమే ఏడాదికంతా విలాసం.

"టీ అయినా తాగుతారా?" అని ఒకసారి ఏడిపించాను.

"తాగుతా మేడం. మా సేటు ఇప్పిస్తాడు గదా!" అన్నాడు.

నోరు కట్టుకుని బతకడం చాలామందిని చిడచిడలాడే మనుషులుగా మార్చేస్తుంది. చుట్టాల మీద విసుక్కుంటారు, ఎదుటివాడు కాఫీ తాగితే లెక్కలు వేస్తారు. వీళ్ళకు ఆ జబ్బు అంటలేదు. పార్ట్ పేమెంట్ కట్టడానికి వచ్చిన రోజు ఇద్దరి మొహాలూ పెళ్ళికి వచ్చినట్టు ఉండేవి. కుచ్చులకు గిరాకీ ఉండే పెళ్ళిళ్ళ సీజను అయిపోగానే సరోజమ్మ సంపాదన అంతా తెచ్చి కట్టేది. వేళ్ళ కొనలు పట్టుదారం కోసుకుపోయి ఉండేవి. లాక్‌డౌన్‌లో కొట్లు మూసినప్పుడు మాత్రం వాయిదాలు కట్టడమే కనాకష్టమైంది. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది. అయినా అప్పు సగానికి బాగా కిందకు వచ్చేసింది.

2022లో, ఉగాది అయిన వారానికి, ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. ఆయన చేతిలో మైసూర్‌పాక్ పొట్లం ఉంది.

"ఈ పొద్దు క్లోజ్ చేసేస్తాం మేడం," అన్నాడు.

నాకూ సంతోషమేసింది. మిగిలిన బాకీ చూశాను, ఏడు లక్షలకు కొంచెం తక్కువ. ఆయన చెక్కు అందించాడు. అందులో సంతకం ఆయనది కాదు. మంజునాథ్ అని ఉంది.

"ఈ మంజునాథ్ ఎవరండీ?"

"కింది పోర్షన్ భోగ్యానికి ఇచ్చినాం మేడం. మూడేండ్లకు. ఏడు లక్షలు ఇచ్చినాడు. బస్టాండ్ కాడ దోసెల బండి పెట్టుకోనుండాడు. మంచోడు."

బెంగళూరు బయటి పాఠకులకు భోగ్యం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ కొందరు దీన్ని లీజు అని కూడా అంటారు. అద్దెకు వచ్చేవాడు నెలనెలా అద్దె ఇవ్వడు. మొదట్లోనే పెద్దమొత్తం ఇంటివారి చేతిలో పెడతాడు. గడువు తీరి ఖాళీ చేసే రోజున ఆ మొత్తమంతా, పైసా తగ్గకుండా, తిరిగి తీసుకుని వెళతాడు. ఇంటివారికి వచ్చేది ఆ డబ్బు మీద మూడేళ్ళ వాడకం మాత్రమే. కానీ ఇంత డబ్బు ఒక్కసారి చేతికి వచ్చేసరికి చాలామందికి అది రాబడిలా కనిపిస్తుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళే చేసే పొరపాటు ఇది. మిక్సీ కూడా వాయిదాల మీద కొననని భీష్మించుకున్న మనిషి ఆ పొరపాటులో నిండా దిగి నా ఎదుట నవ్వుతూ కూర్చున్నాడు.

మా రూలు ప్రకారం, తాకట్టులో ఉన్న ఇంటిని మమ్మల్ని అడగకుండా భోగ్యానికి ఇవ్వకూడదు. అది చిన్న సంగతి, మేనేజరుతో మాట్లాడి సరిచేయవచ్చు. నన్ను కంగారుపెట్టింది అది కాదు.

"వెంకటరమణప్పగారూ, ఈ డబ్బు లోనులో వేస్తే, మూడేళ్ళ తర్వాత మంజునాథ్‌కు ఏమిస్తారు?"

"అప్పటికి చూసుకుంటాం మేడం. ఇంకోడు వస్తాడు భోగ్యానికి. వాడిచ్చింది వీడికిచ్చేది. అందురూ అట్లనే గదా చేసేది?"

"కొత్తవాడు దొరకకపోతే? ఈలోగా మీకేమైనా అయితే?"

ఆయన మొహం మారింది. "భోగ్యం అప్పెట్ల అవుతాది మేడం? నేనెవురి కాడా అప్పు చేయలే. నా ఇల్లు ఇచ్చినా, దుడ్డు తీసుకున్యా."

"తిరిగి ఇవ్వాల్సిన డబ్బును ఏమంటారు మరి? మాకు బాకీ తీరుతుంది. అంతే డబ్బు దోసెల బండి మనిషికి బాకీ పడతారు. మాకైతే వాయిదాల్లో కట్టొచ్చు. అతనికి ఒక్క రోజున మొత్తం కట్టాలి."

ఆయన లేచి నిలబడ్డాడు. "మీ బ్యాంకుకు వడ్డీ పోతాదని అడ్డం పడతా ఉండారా?"

ఆ మాట చుట్టుపక్కల టేబుళ్ళకు వినిపించింది. నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. నిజానికి చెక్కు తీసుకుని క్లోజర్ రాసేస్తే నా పని అరగంటలో అయిపోతుంది, మైసూర్‌పాక్ కూడా దక్కుతుంది. ఎవరి డబ్బుతో కడుతున్నావని నిలదీయడం నా ఉద్యోగంలో భాగం కాదు. కానీ ఈ మనిషి ఎనిమిదేళ్ళుగా ఎందుకోసం కడుపు కట్టుకున్నాడో నాకు తెలుసు. భార్యను ఎవరూ వీధిలో నిలబెట్టకూడదని. ఈ చెక్కు వేస్తే, ఆయన లేని రోజున ఆమె గుమ్మంలో నిలబడేది బ్యాంకు కాదు, తన సొమ్ము తనకిమ్మని అడిగే ఒక పేదవాడు. అతనికి న్యాయం కూడా ఉంటుంది.

ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. సరోజమ్మ కదలలేదు. అన్నేళ్ళలో ఆమె నాతో నాలుగు మాటలకు మించి మాట్లాడిందీ లేదు.

"ఆ దుడ్డు ఎట్ల వచ్చిందో తెలుసా అమ్మా వాళ్ళకు?" అంది నెమ్మదిగా. "మంజునాథ్ పెండ్లాం, ఆ పిల్ల మెడలోది అమ్మేసినారు. ఇంట్లో దిగినప్పటినించి పసుపుతాడుతోనే ఉండాది. దినమూ చూస్తా ఉండా. చూసినప్పుడంతా నాకేమో బరువుగా ఉంటాది, ఎందుకో తెలీలే. ఇప్పుడు మీరు చెప్తే తెలిసె."

"ఏం చేద్దామంటారు?"

"మళ్ళీ ఇస్తామని తీసుకున్యాం. అది మళ్ళీ ఇయ్యడానికే ఉండాల. ఎట్ల పెట్టాలో చెప్పండి, ఆయనకు నేను చెప్తా."

ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేద్దామన్నాను. ఇద్దరి పేరా, ఒకరు లేకపోతే రెండోవారు తీసుకునేలా. ఆమె బయటికి వెళ్ళింది. గాజు తలుపులోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. ఆయన చేతులు తిప్పుతూ ఏదో అంటున్నాడు, ఆమె వింటోంది. తర్వాత ఆమె ఏదో అంది, ఆయన చేతులు కిందికి దిగాయి. లోపలికి వచ్చేటప్పటికి ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఇక్కడ వడ్డీ తక్కువ, లోనుకు ఎక్కువ. నష్టమే గదా మేడం?"

"నష్టమే," అన్నాను. అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. "కానీ మంజునాథ్ ఏ రోజు తలుపు తట్టినా మీరు తల ఎత్తి తలుపు తీయొచ్చు."

ఫారం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. "ఇంగ కొన్నేండ్లు సంకటి తినేది నాకేం కొత్తగాదులే. కానీ మేడం, ఒకటి చెప్పండి. పత్రాలు నా చేత్తో తీసుకుంటా గదా?"

"తప్పకుండా మీ చేతికే ఇస్తాం," అన్నాను. అలాంటప్పుడు ఎవరమైనా అనే మాటే అది.

పొట్లం నా టేబుల్ మీదే వదిలి వెళ్ళారు. ఆ మైసూర్‌పాక్ నేను ముట్టలేదు, స్టాఫుకు పంచేశాను.

వాళ్ళు మళ్ళీ మామూలు జీవితంలో పడ్డారు. వాయిదాలు, మధ్య మధ్య చిన్న చిన్న పార్ట్ పేమెంట్లు. ఆయన కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు. స్లిప్పు చేతికిచ్చి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవాడు.

మరుసటి ఏడు వర్షాల్లో ఒక మధ్యాహ్నం, కొట్లో చీరల మూట అందుకోబోయి ఆయన కూలబడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కబురు మాకు పక్క వీధి నుంచే వచ్చింది. నేను హొసకోటె వెళ్ళాను. రేకుల గదిలో కుచ్చులు సగం కట్టిన చీర ఒకటి గోడకు వేలాడుతోంది. ఆమె నన్ను చూసి ఏడవలేదు, పక్కన చోటు చూపించింది. నాకే ఆగలేదు. ఆ రోజు చెక్కు తీసుకుని ఉంటే ఈ మనిషి పత్రాలు చేతిలో పట్టుకుని, తృప్తిగా పోయేవాడు కదా అన్న బాధ నన్ను పీకేసింది. నేను చెప్పింది సరైనదే. అయినా బాధ బాధే.

లోను తీసుకున్నప్పుడు ఆయన ఇన్సూరెన్సు వద్దన్నాడు, ప్రీమియం కూడా అప్పులో కలుస్తుందని. అది ఉంటే మిగిలిన బాకీ తీరిపోయేది. పొదుపు కూడా ఒక్కోసారి ఇలా ఎదురు తిరుగుతుంది. నేనూ గట్టిగానే చెప్పి చూశాను, వినలేదు. మిగిలిన వాయిదాలు ఇప్పుడు సరోజమ్మ ఒక్కతే కట్టాలి.

గడువు ఇంకా ఉండగానే మంజునాథ్ వచ్చాడు. దేవనహళ్ళిలో చిన్న కొట్టు ఒకటి దొరికిందట, అడ్వాన్సు కట్టాలట. ఇంటాయన పోయి ఏడాది తిరక్కుండా ఎలా అడగడమని మొగుడూ పెళ్ళాలు కొన్ని రోజులు మథనపడి, చివరికి అడిగారు. సరోజమ్మ మర్నాడే వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని మా బ్యాంకుకు వచ్చింది. డిపాజిట్ రద్దు చేసి ఏడు లక్షలూ అతని ఖాతాకు మార్చాం. ఫోనులో మెసేజ్ చూసుకుని అతను దాన్ని భార్యకు చూపించాడు. తర్వాత కన్నడంలో నాతో అన్నాడు: "ఆయన పోయిన రోజు నా భార్య రెండుసార్లు ఏడ్చింది మేడం. ఒకసారి ఆయన కోసం, ఇంకోసారి ఈ డబ్బు కోసం. పోయిందే అనుకున్నాం." ఆ అమ్మాయి వంగి సరోజమ్మ కాళ్ళు పట్టుకోబోతే, ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

"నీ దుడ్డేనమ్మా నీకిచ్చింది. మెడలోది ముందు చేయించుకో."

కింది పోర్షను నెల అద్దెకు ఇచ్చింది. భోగ్యం జోలికి పోలేదు. ఆ అద్దె, కుచ్చుల డబ్బు, భర్త పనిచేసిన కొట్టు యజమాని ఇచ్చిన కొంత కలిపి 2024 చివరికి బాకీ మొత్తం తీర్చేసింది. అసలు గడువుకు ఇంకా నాలుగేళ్ళు పైనే ఉంది.

పత్రాలు ఇచ్చే రోజు ఆమె ఒక్కతే వచ్చింది. లాకరు నుంచి సేల్ డీడ్ తెప్పించాను. తీసుకున్నట్టు రిజిస్టర్‌లో సంతకం చేయాలి. లోను ఇద్దరిదీ కాబట్టి రెండు గీతలు. ఆమె తన గీత మీద నెమ్మదిగా సంతకం పెట్టింది. రెండో గీత దగ్గర నేను కలం తీసుకున్నాను.

"అక్కడ ఏం రాస్తారమ్మా?"

చెప్పక తప్పలేదు. "మరణించారు అని రాయాలి."

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది. "మిమ్మల్ని శానా దినాలు తిట్టుకున్నాడు ఆయన. మళ్ళ ఒకనాడు మానేసినాడు. ఏమప్పా మానేసినావంటే, ఈ ఇంట్లో పరాయోళ్ళ దుడ్డు లేదు, నాకు నిద్ర పడతా ఉండాది అన్యాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "చచ్చిపోయినాడని ఒక్కటే రాయొద్దమ్మా. కట్టేసినాడని రాయండి."

రూలు ప్రకారం రాయాల్సిన మాట రాశాను. దాని పక్కనే, బాకీ పూర్తిగా చెల్లించారు అని కూడా రాశాను. ఆ ఏడు ఆడిట్‌కు వచ్చినాయన ఆ గీత దగ్గర ఆగి, ఇదేమిటండీ అన్నాడు. నిజమే కదండీ అన్నాను. ఆయన పేజీ తిప్పాడు.

ఈ లోను నాకు నేర్పింది ఒకటే. అప్పు ముందే తీర్చడం గొప్పే, కానీ దేనితో తీరుస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం. కడుపు కట్టుకుని తెచ్చిన రూపాయి అప్పును నిజంగా చంపుతుంది. ఇంకొకరి మెడలోంచి వచ్చిన రూపాయి దాన్ని పక్కింటికి పంపుతుంది, అంతే. అందుకే ఇప్పుడు ఎవరు పెద్దమొత్తం తెచ్చి క్లోజ్ చేస్తామన్నా, ఇది ఎవరి డబ్బని అడుగుతాను. కొందరు కోప్పడతారు, కోప్పడనిస్తాను. కానీ పత్రాలు తప్పకుండా మీ చేతికే ఇస్తామన్న మాట మాత్రం ఇప్పుడు ఎవరితోనూ అనడం లేదు.